సందుల్లో పెరిగిన పిల్లలు, చేనిగట్టు మీద

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పట్నపు ఇరుకు వాడల్లో పెరిగిన మైనారిటీ కుటుంబాల యువతకు పల్లెను, పంటను ఎలా పరిచయం చేయాలన్నది ఆ విషయం. అందుచేత మిగతా ప్రశ్నలను పై నెలకు వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా ఇంటికి దగ్గరలోని ముస్లిం వాడలో సాయంకాలం చదువు కేంద్రం నడుపుతున్నాను. పదహారు నుంచి ఇరవై రెండేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా వస్తారు. కొందరు ఇంటర్ మధ్యలో మానేశారు, కొందరు పండ్ల బండ్ల మీద, మెకానిక్ షెడ్లలో, వెల్డింగ్ దుకాణాల్లో పని చేస్తూ చదువుతున్నారు. గోదావరి గట్టుకు కూతవేటు దూరంలో పుట్టి పెరిగినా వీరిలో వరిచేలో కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు. ఈ సార్వా (వానకాలపు పంట) ఊడ్పుల సమయంలో, అంటే వరి నాట్లప్పుడు, ఒక రోజు బస్సు మాట్లాడి కోనసీమకు తీసుకువెళ్లాలని ఉంది. ఎలా ఏర్పాటు చేసుకోవాలి? దీనివల్ల వారికి వ్యవసాయం మీద ఆసక్తి కలుగుతుందంటారా?
– ఒక ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: మాస్టారు గారూ, మీ ఉద్దేశం మంచిదే కాని బస్సు మాత్రం మాట్లాడవద్దు. ఇంత కటువుగా మొదలుపెట్టడానికి కారణం ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక స్వచ్ఛంద సంస్థ వారు అడిగితే ఇటువంటి యాత్రకే దగ్గరుండి ఏర్పాట్లు చేసి, ఆ సాయంత్రం తల దించుకుని ఇంటికి వచ్చాను. ముప్ఫై మందికి పైగా కుర్రాళ్లు బస్సు దిగి, ప్యాంట్లు మోకాళ్ల పైకి మడిచి, ఆకుకట్టలు (నారుకట్టలు) చేతబట్టి ఫోటోలు దిగి, అరగంట సేపు ఎవరికి తోచినట్టు వారు మొక్కలు గుచ్చారు. వాళ్లు భోజనాలకు వెళ్లగానే ఊడ్పుల ముఠాలోని ఆడవాళ్లు ఆ అరెకరాన్నీ పీకి మళ్లీ మొదటి నుంచి నాటుకుంటూ వచ్చారు. ఎకరాకు ఇంత అని గుత్తకు ఒప్పుకున్న మనుషులకు అది ఉత్త చాకిరీ. ఆ అదనపు పనికి వారి చేతిలో ఎవరూ రూపాయి పెట్టలేదు, ఆ పూట నాకూ తోచలేదు. ఆ కుర్రాళ్లలో ఒక్కడైనా తరవాత ఆ ఊరివైపు వచ్చినట్టు నేను వినలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఒక పూటలో చూసి వెళ్లడానికి చేను బొమ్మల కొలువు కాదు.

ఇంకొక మాట. మీ పిల్లలకు వ్యవసాయం బొత్తిగా తెలియదన్నట్టు రాశారు. తెలియనిది సగమే. పంటకు రెండు కొసలు ఉంటాయి, ఒకటి చేలోనూ రెండోది సందు చివర బండి మీదా. దేశంలోని ముస్లిం కార్మికుల్లో వ్యవసాయంలో ఉన్నవారి వాటా తక్కువని, సొంతంగా చిన్న వ్యాపారాలూ చేతిపనులూ చేసుకునేవారి వాటా ఎక్కువని ముస్లింల స్థితిగతుల మీద 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. అంటే వీరు రెండో కొసను పట్టుకుని ఉన్నవారు. మీ పండ్ల బండి కుర్రవాణ్ణి ఒక ఉదయం రావులపాలెం అరటి మార్కెట్టుకు పంపి చూడండి. కర్పూరం, చక్రకేళి, అమృతపాణి గెలల్లో ఏది ఎన్నాళ్లకు పండుతుందో, ఏ కాయ తొక్క ముందు నల్లబడుతుందో, సాయంత్రానికి బండి మీద ఎన్ని డజన్లు మిగిలి ఎంతకు తెగనమ్ముకోవాలో అతనికి తెలిసినంతగా తోట పెంచిన రైతుకు తెలియదు. గెల పూర్తిగా ముదరకుండానే ఎందుకు కోస్తారో, ఈదురుగాలికి చెట్లు ఒరిగిపోకుండా పోట్లు (ఊతకర్రలు) ఎలా పెడతారో ఈ కుర్రవాడికి తెలియదు. వారిద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టగలిగితే మీ పనిలో ముప్పాతిక పూర్తయినట్టే. నేర్చుకోవడానికే కాక చెప్పడానికి కూడా తన దగ్గర ఒకటి ఉందన్న భావంతో వెళ్లిన కుర్రవాడు రెండోసారి ఎవరూ పిలవకుండానే వెళతాడు.

కనుక ఒక రైతును, ఒక చేనును, ఒక పంటను ఎంచుకోండి. ఇరవై మందిని ఒకేసారి తీసుకువెళ్లకుండా ఏడెనిమిది మందితో మొదలుపెట్టండి. వారు ఆ పంట పూర్తయ్యేలోగా కనీసం ఆరు ప్రయాణాలు చేయాలి. మీకు దగ్గరలోనే కడియం, ఆలమూరు, ఆత్రేయపురం మండలాలు ఉన్నాయి, ఆర్టీసీ బస్సు మీద ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. (ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కోకుండా వస్తారని నేను అనుకోను. ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి.)

మొదటి ప్రయాణం చేనికి కాదు, ధవళేశ్వరానికి. కాటన్ దొర విగ్రహం వారు చూసే ఉంటారు, ఆయన కట్టించినది ఏమిటో కాలినడకన చూడలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటిది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలతో, 175 గేట్లతో నదికి అడ్డంగా సాగుతుంది. ధవళేశ్వరం వైపు తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు కాలువలు తీశారు. సుమారు పది లక్షల ఎకరాలకు నీరు ఇక్కడి నుంచే వెళుతుంది. వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో నీరు వదులుతారు. ఆ రోజుల్లో వెళ్లి, ఎండిన కాలువ అడుగున నీటి నాలుక ముందుకు పాకుతూ పోవడం ఒకసారి చూస్తే చాలు, తరవాత చేలో రైతు బోదె (పిల్లకాలువ) గట్టు తెగిందని ఎందుకు గొడవ పడుతున్నాడో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

రెండోసారి ఆకుమడికి, అంటే నారుమడికి. విత్తనాన్ని ఒక రోజు నానబెట్టి, మరొక రోజు తడి గోనెల్లో మండె కడతారు. ఆ గోనె విప్పేటప్పుడు పిల్లలు అక్కడే ఉండాలి. గింజ ముక్కున తెల్లగా మొలక పొడుచుకు వచ్చి, లోపల చెయ్యి పెడితే జ్వరం వచ్చిన ఒంటిలాగా వెచ్చగా ఉంటుంది. మూడోసారి ఊడ్పులకు, అంటే ఆకుమడి పోసిన పాతిక ముప్ఫై రోజులకు. అప్పుడు మాత్రం రైతుతో ముందే మాట్లాడుకుని, ఒక మూల రెండు సెంట్లు మీ పిల్లల కోసం విడిగా ఉంచమని అడగండి. ఆకు చివళ్లు తుంచి నాటడం ఎందుకో అడిగి తెలుసుకోమనండి: కాండం తొలిచే పురుగు గుడ్లు ఆ చివళ్ల మీదే పెడుతుంది, అందుకని తుంచి పారేస్తారు. బొటనవేలితోనూ రెండు వేళ్లతోనూ రెండు మూడు మొక్కలు పట్టి, పైపైన, బురదలో నిలిచేంత లోతుకు మాత్రమే పెట్టాలి. లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి. రెండు మీటర్లకొకసారి జానెడు వెడల్పున, తూర్పు పడమరలుగా ఖాళీగా వదిలే పాయ సుడిదోమ అనే పురుగు బెడద తగ్గించడానికి. ఆ పాయ మీద మొక్క నాటినవాడిని ముఠా ఆడవాళ్లు ఎలాగూ నాలుగు మాటలు అంటారు. అననివ్వండి. వారికి ఆ పూట కూలి మాత్రం మీ ఖర్చుల్లోంచి లెక్కకట్టి ఇవ్వండి, ఎందుకంటే ఆ చేలో ఉపాధ్యాయులు వారే.

సెప్టెంబరులో పిలకలు వేసే దశకు, తరవాత పొట్ట దశకు వెళ్లివచ్చే ప్రయాణాల గురించి విడమరచి రాయను, రైతే చూపిస్తాడు. ఆఖరి ప్రయాణం కోతకు. స్వర్ణ వంటి రకమైతే విత్తు నుంచి కోతకు దాదాపు నూట యాభై రోజులు పడుతుంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఆ రకాన్ని చాలాచోట్ల కొత్త రకాలు పక్కకు నెట్టాయి గాని పేరు మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు. కోత యంత్రం వచ్చి ఎకరం చేను కాసేపట్లో ముగించాక అసలు కథ మొదలవుతుంది. తేమ పదిహేడు శాతానికి మించితే ప్రభుత్వ కొనుగోలులో చిక్కు కనుక ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోసి, మబ్బు పట్టినప్పుడల్లా పట్టాలు కప్పుకుంటూ రైతు కుటుంబం రాత్రిళ్లు కాపలా కాస్తుంది. అక్కడ ఒక రాత్రి గడిపి, మర్నాడు రైతు చేత ఆయన ఖర్చుల పుస్తకం పిల్లల ముందు చదివించండి. దమ్ముకు (మడిని బురదగా దున్నడానికి) ఎంత, ఊడ్పులకు ఎంత, ఎరువుకు ఎంత, కౌలు ఎన్ని బస్తాలు, చివరికి మిగిలింది ఎంత. ఆ పుస్తకం చదివాక కూడా ఆసక్తి నిలిచిన ఇద్దరు ముగ్గురే మీరు వెతుకుతున్న పిల్లలు. మిగిలినవారికి కూడా నష్టం లేదు, తినే అన్నం వెనక ఏముందో తెలుసుకుని వస్తారు.

జాగ్రత్తల్లో ఒక్కదాన్ని మాత్రం నొక్కి చెబుతాను. నది ఒడ్డున పుట్టినా పట్నం పిల్లల్లో చాలామందికి ఈత రాదు. పని ముగిశాక కాలువలో దిగి కాళ్లు కడుక్కుంటామంటారు. నిండు కాలువ పైకి నెమ్మదిగానే కనిపిస్తుంది, లాకుల దగ్గర మనిషిని నిలవనీయదు. బోరింగు దగ్గర గాని ఇంటి పెరట్లో గాని కడుక్కోమనండి, కాలువ గట్టు దిగడానికి వీల్లేదని ముందే చెప్పండి. పురుగుమందు కొట్టే రోజున ఎవరినీ చేలోకి తీసుకువెళ్లవద్దు. పద్దెనిమిది నిండనివారి విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఇది నేర్చుకోవడానికే గాని కూలి పనికి కాదని రైతుకు కూడా స్పష్టం చేయండి. రంజాన్ ఈ ఏళ్లలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది కనుక దాళ్వా (రెండో పంట) కలుపుతీతలకు పిల్లలను తీసుకువెళ్లే ఆలోచన ఉంటే ఉపవాస దినాలు దాటాక పెట్టుకోండి.

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లె. అయిదెకరాల వరి, రెండెకరాల కొబ్బరి. పట్నంలో పనిచేసే మా మిత్రుడు అక్కడి ముస్లిం కుర్రాళ్లను ఎనిమిది మందిని వారం రోజులు మా ఇంట ఉంచుకుని పని చూపించమంటున్నాడు. కాదనలేదు కాని జంకుగా ఉంది. భోజనాలు, నమాజు, ఊరివాళ్ల మాటలు ఎలా సంబాళించుకోవాలి? పైగా మా అబ్బాయే వ్యవసాయం వద్దని హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇక ఈ పిల్లలకు నేను ఏ మొహం పెట్టుకుని వ్యవసాయం గొప్పదని చెప్పను?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు. గొప్పదని చెప్పవద్దు. 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించి చేలను బీడు పెట్టిన ప్రాంతం మీది. ఆ సంగతి దాచి, పైరగాలి గురించీ పచ్చదనం గురించీ చెబితే పిల్లలు రెండో రోజుకే పసిగడతారు. మీ అబ్బాయి ఎందుకు వెళ్లిపోయాడో, మీరు ఎందుకు ఉండిపోయారో ఉన్నదున్నట్టు చెప్పండి. పదిహేడేళ్ల కుర్రవాడితో పెద్దవాడొకడు సమానంగా కూర్చుని తన నష్టాల గురించి మాట్లాడితే, అది అతనికి జరిగే మర్యాదల్లో పెద్దది.

భోజనం సంగతి అందరూ అనుకునేంత చిక్కు కాదు. వారం రోజులూ కూరగాయలు, పప్పు, పెరుగు, కోడిగుడ్డు పెడితే ఏ ఇబ్బందీ ఉండదు. చేప వారికి అభ్యంతరం కాదు, మీ ఊళ్లో కొరతా కాదు. కోడిని కోయాలనిపిస్తే ఆ పని వచ్చిన పిల్లల్లో పెద్దవాడికో, దగ్గరలోని ముస్లిం కుటుంబానికో అప్పగించండి. అయితే వారికి విడి కంచాలు, విడి గ్లాసులు పెట్టే ఇల్లయితే దయచేసి ఆ ఎనిమిది మందినీ పిలవకండి. ఈ మాట మీ ఇంటిని ఉద్దేశించి అంటున్నది కాదు, ఈ ఉత్తరం చదివే మరికొందరి కోసం. నమాజుకు కావలసింది కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నీళ్లు, శుభ్రమైన జానెడు చోటు. కొబ్బరితోట కన్నా మంచి చోటు ఏముంటుంది? శుక్రవారం మధ్యాహ్నం మసీదుకు వెళ్లాలంటారు, దగ్గరలో ఎక్కడుందో ముందే కనుక్కుని ఉంచండి.

ఊరివాళ్ల మాటల గురించి. మన పల్లెల్లో ముస్లిం ఎవరు కనబడినా పేరు అడగకుండానే ‘సాయిబూ’ అని పిలిచేస్తారు. పిలిచేవారు ఆప్యాయంగానే పిలుస్తున్నామనుకుంటారు, కాని ఎనిమిది మందినీ ఒకే మాటతో పిలిస్తే వారిలో ఏ ఒక్కరినీ పిలవనట్టే. మొదటి రోజు సాయంత్రమే మీరు పేర్లు నేర్చుకుని, పక్క చేను రైతుకు పేరుతో పరిచయం చేయండి. ‘మన ఫలానా మిత్రుడి పిల్లలు, పని నేర్చుకోవడానికి వచ్చారు’ అన్న మాట ఇంటి యజమాని నోట వస్తే ఊరు దాదాపు ఎప్పుడూ కాదనదు. పీర్ల పండుగకు గుండం చుట్టూ అందరూ కలిసి తిరిగిన ఊళ్లు మనవి. ఆ జ్ఞాపకం ఉన్న పెద్దవారు మీ ఊళ్లోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు, వారిని ఒక రాత్రి అరుగు మీదకు పిలవండి.

పని విషయంలో మీకు ఒక సలహా. వచ్చిన పిల్లల్లో ఎవరు ఏ పని చేస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి. ఒకసారి మా పొరుగు ఊరికి ఇలాగే వచ్చిన కుర్రాళ్లలో ఒకడు, మెకానిక్ షెడ్డులో పనిచేసేవాడు, రెండు రోజులు చేలో దిగడానికి మొండికేశాడు. మూడో రోజున నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ దడదడమని ఆగి ఆగి ఆడుతుంటే గట్టు మీద కూర్చున్నవాడల్లా లేచి వచ్చి, చెవి దగ్గర పెట్టి విని, ‘గాలి పట్టిందండీ’ అని డీజిల్ పైపు మర వదులుచేసి బుడగలు పోయేదాకా పంపు కొట్టి బిగించాడు. ఇంజన్ నికరంగా ఆడింది. ఆ సాయంత్రం నుంచి ఊళ్లో స్ప్రేయర్లు, మోటార్లు, ఒక కుట్టు మిషన్ కూడా అతని ముందుకు వచ్చాయి. నాలుగో రోజున చేలో దిగమని అతనికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

ప్రశ్న: మాది కాకినాడ జగన్నాథపురం. నాన్న దర్జీ. నేను ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మొక్కలంటే ఇష్టం, మేడ మీద డబ్బాల్లో వంకాయ, బెండ పెంచుతున్నాను. మా బంధువుల్లో ఎవరికీ సెంటు భూమి లేదు. భూమి లేని ముస్లిం అమ్మాయి వ్యవసాయంలోకి రావడం సాధ్యమేనా, లేక ఇది పిచ్చి ఆలోచనా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: పిచ్చి ఆలోచన కాదమ్మా, కాకపోతే ఏ గుమ్మం నుంచి రావాలన్నది చూసుకోవాలి. భూమి కొనే గుమ్మం మీకే కాదు, ఈ డెల్టాలో ఉద్యోగస్తులకు కూడా మూసుకుపోయింది. కౌలు గుమ్మం తెరిచే ఉంది, కాని గడప ఎత్తు. ఇక్కడి చేలలో పెద్ద భాగం దున్నేది కౌలు రైతులే. కౌలు సాధారణంగా బస్తాల్లో ముందే కుదురుతుంది, తుపాను వచ్చినా దోమ పోటు వచ్చినా ఆ బస్తాలు కొలవాలి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, దాని మీద పంట రుణం, నష్టపరిహారం అడగవచ్చు. కాని ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి, సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనన్న అనుమానంతో చాలామంది యజమానులు పెట్టరు. కనుక మొదటి అడుగే కౌలు వరిలో వేయమని నేను ఎవరికీ చెప్పను, మీకూ చెప్పను.

మీకు తగిన గుమ్మం చదువు. బైపీసీ మీద వ్యవసాయ, ఉద్యాన డిగ్రీ కోర్సులు రెండూ ఉన్నాయి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంలో ఉంటే, డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం మీకు ఇంకా దగ్గర, తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉంది. డిగ్రీ చివరి సంవత్సరంలో విద్యార్థులను పల్లెలో ఉంచి రైతులతో పని చేయిస్తారు, భూమి లేని ఇంటి పిల్లలకు అంతకన్నా మంచి అవకాశం దొరకదు. మీ తమ్ముడో చెల్లెలో పదో తరగతిలో ఉంటే, పది తరవాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా కూడా ఉందని చెప్పండి.

చదువు ఫలితం వచ్చేదాకా ఆగనక్కరలేదు. సెలవుల్లో కడియం వెళ్లండి. కడియపులంక చుట్టుపక్కల నర్సరీల్లో అంట్లు కట్టే ఆడవాళ్ల పక్కన వారం రోజులు కూర్చుంటే మీ పుస్తకంలోని పాఠం చేతికి వస్తుంది. గాలి అంటు కట్టేటప్పుడు కొమ్మ చుట్టూ అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడి నాచు చుట్టి, పాలిథీన్ కాగితంతో రెండు కొసలూ బిగించి కడతారు. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగే దారి ఆ ఉంగరం దగ్గర తెగిపోయి అక్కడే పోగుపడుతుంది కనుక వేళ్లు అక్కడ పుడతాయి. చూడటానికి సులువు, కత్తి లోపలి కట్టెకు తగలకుండా బెరడు మాత్రమే ఊడదీయడం వారం రోజుల పని. దర్జీ ఇంటి పిల్లవు, గుడ్డ మీద కత్తెర ఆడించడం చూస్తూ పెరిగిన చేతికి ఆ నిదానం త్వరగానే అబ్బుతుందని నా నమ్మకం. అంట్లు కట్టడానికి మేడ మీది చోటు చాలు, సొంత భూమి అక్కరలేదు.

ఈ ఉత్తరం చదివే మగపిల్లలకు ఇంకొక సంగతి. భీమవరం చుట్టుపక్కల, ఇటు మీ కాకినాడ వైపు కూడా రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతూనే ఉండాలి, ముఖ్యంగా తెల్లవారుజామున, అప్పుడు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే గంటల వ్యవధిలో చెరువు చెరువంతా పోతుంది. మోటారు వైండింగు వచ్చినవాడికి, పిలిస్తే అర్ధరాత్రి అయినా వచ్చేవాడికి అక్కడ ఎంత గిరాకీ ఉందో ఏ చెరువు రైతును అడిగినా చెబుతాడు. అదీ వ్యవసాయమే.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ఉంటోంది. అక్కడ నగరాల్లోని నల్లజాతి, ఆసియా కుటుంబాల పిల్లలను పొలాలకు తీసుకువెళ్లే ఏర్పాట్లు ఉన్నాయని చెప్పింది. వాటి నుంచి మనం తీసుకోదగ్గది ఏమైనా ఉందా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, అమలాపురం

జవాబు: ఉంది, కొంత జాగ్రత్తతో. అక్కడ వ్యవసాయం దాదాపు పూర్తిగా తెల్లవారి వృత్తి. వలస వచ్చిన కుటుంబాలు నగరాల్లోనే స్థిరపడ్డాయి. జమైకాలో పుట్టి, మీ అమ్మాయి ఉంటున్న బర్మింగ్‌హామ్‌లోనే పేదవాడలో పెరిగిన విల్‌ఫ్రెడ్ ఇమాన్యుయెల్ జోన్స్ అనే ఆయన తన సంగతి చాలాసార్లు చెప్పుకున్నారు. పురపాలక సంఘాలు పట్నవాసులకు కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న మడులను అక్కడ అలాట్‌మెంట్లు అంటారు. తండ్రికి ఉన్న అటువంటి మడిలో పనిచేస్తూ, ఎప్పటికైనా సొంత పొలం కొనాలని చిన్నప్పుడే అనుకుని, పెద్దయ్యాక డెవన్ ప్రాంతంలో కొన్నారు. తరవాత నగరపు నల్లజాతి యువతను కొందరిని తన పొలానికి తెచ్చి ఉంచుకుని పని నేర్పారు. అది 2006లో టెలివిజన్‌లో కూడా వచ్చింది.

అంతకు ముందు నుంచీ మరో రెండు పద్ధతులు అక్కడ నడుస్తున్నాయి. 1972లో లండన్‌లోని కెంటిష్ టౌన్‌లో మొదలైన ‘సిటీ ఫార్మ్’ పద్ధతిలో పొలమే నగరం మధ్యకు వస్తుంది, మేకలు, కోళ్లు, కూరమళ్లు వాడ పిల్లల చేతుల మీదుగా పెరుగుతాయి. 1976లో డెవన్‌లోని నెథర్‌కాట్‌లో మొదలైన ‘ఫార్మ్స్ ఫర్ సిటీ చిల్డ్రన్’ సంస్థ పద్ధతిలో బడి పిల్లలు ఉపాధ్యాయులతో సహా వారం రోజులు పొలంలోనే ఉంటారు. పొద్దున్నే లేచి పశువులకు మేత వేయడం, కొట్టాలు శుభ్రం చేయడం, కూరగాయలు కోయడం అన్నీ వారి పనే. వారి పని మీద నిజంగా ఆ పూట పొలం ఆధారపడుతుంది, అందులోనే దాని బలం ఉంది. నేను పైన మాస్టారు గారికి బస్సు వద్దన్నది కూడా ఈ దృష్టితోనే.

మనకు వర్తించనిది ఒకటి ఉంది. అక్కడి పిల్లలకు పొలం దాకా వెళ్లడమే పెద్ద అడ్డంకి. మన పిల్లలకు పొలం అయిదు మైళ్ల దూరంలో ఉంది, అడ్డంకి అంతా పరిచయం లేకపోవడంలో ఉంది. వర్తించేది మరొకటి. జమైకా నుంచి, పంజాబు నుంచి, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వెళ్లిన ఆ కుటుంబాల తాత ముత్తాతల్లో ఎందరో సేద్యం చేసినవారే, రెండు తరాల్లో ఆ సంగతి ఇంట్లో మాటల్లోంచి కూడా జారిపోయింది. మన పట్నపు వాడల్లోనూ అంతే. మీ తాతగారు ఏ ఊరు, ఏ పంట అని ఇంట్లో అడిగి రమ్మని పంపితే, పిల్లల్లో కొందరైనా లంక పొగాకో, మిరప తోటో, అమ్ముకున్న అరెకరమో పట్టుకుని తిరిగి వస్తారు. మన దగ్గర ఇంకొక కోణం కూడా ఉంది: డెల్టా చేలలో ఎలుకల జాడ చూసి పట్టడంలో యానాది గిరిజనులను మించినవారు లేరు, అయినా వారి పిల్లలు ఆ విద్యను చెప్పుకోవడానికి సిగ్గుపడేలా చేశాం. పట్నపు పిల్లలను చేనికి తీసుకువెళ్లే రోజున గట్టు మీద బొరియ చూపించి పాఠం చెప్పమని వారిని పిలిచి, ఆ పాఠానికి తగిన సంభావన ఇచ్చే ఆలోచన చేయండి.

ప్రశ్న: నేను పైన ఉత్తరం రాసిన మాస్టారి దగ్గర చదువుకుంటున్నాను. చేలో దిగడానికి బూట్లు కొనుక్కోవాలా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు బాబూ. దమ్ము చేసిన మడిలో బూటు కూరుకుపోతుంది, కాలు మాత్రం పైకి వస్తుంది. ఉత్త కాళ్లతోనే దిగాలి. గోళ్లు తీసుకుని వెళ్లు, కాలి మీద పుండు గాని కోత గాని ఉంటే ఆ రోజు గట్టు మీదే ఉండిపో. మోకాళ్లకు పైకి మడవడానికి వీలైన పాత ప్యాంటు, తలకు చుట్టుకోవడానికి తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, సీసాలో నీళ్లు చాలు. మొదటిసారి దిగినప్పుడు ఒక కాలు పెట్టి అది నిలదొక్కుకున్నాకే రెండో కాలు ఎత్తు. పడితే పడ్డావు, ముఠాలోని అమ్మలు నవ్వుతారు, నువ్వూ నవ్వు. ఫోను మాత్రం గట్టు మీద మాస్టారికి ఇచ్చి దిగు.